మొక్కు తీరని పుంజు

కిందటివారం పోలరాజునీ రత్నాన్నీ ఫ్రెంచి ఇంటి గేటు దగ్గర వదిలి వచ్చాం. పోలరాజు టాటానగర్ ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. చూపు మందగించడంతో మెడికల్ మీద ముందే రిటైరయ్యాడు. అగ్రికోలో ఇన్నాళ్లూ కాపురమున్న క్వార్టరు నెలాఖరుకి ఖాళీ చేసి తాళం అప్పజెప్పాలి. బిర్సానగర్ దాటాక, గోవిందపూర్ రోడ్డు పక్కన, గణపతిరావుగారు అమ్మకానికి పెట్టిన ఆ ఇంటినీ, దాని వెనక నడుస్తున్న కోళ్ల షెడ్డునీ కలిపి కొనడానికి బయానా ఇచ్చేశారు. ఇల్లు రత్నం పేరు మీద. సోమవారం రిజిస్ట్రీ. ఈలోగా పని నేర్చుకోమని గణపతిరావుగారి భార్య అమ్మణ్ణి రత్నాన్ని రోజూ రమ్మంది. పోలరాజు, రత్నంల ఒక్కగానొక్క కొడుకు ఆదిబాబు పోయి ఏడాది దాటింది. వాడి పేరన అమ్మవారికి మొక్కి, చెల్లించకుండా ఉండిపోయిన పుంజొకటి క్వార్టరు పెరట్లో మిగిలింది. దాన్ని రత్నం బుట్టలో పెట్టి, పైన పాత చీర కప్పి, మొగుడికి కూడా చెప్పకుండా తెచ్చి షెడ్డు పక్కన దాణా గది వెనక కట్టేసింది. దాని కూత వినపడినా చుట్టుపక్కల ఇళ్లదేదో అనుకున్నారు ఇంటివాళ్లు. అది జరిగి వారం దాటింది.

శుక్రవారం పొద్దున రత్నం గేటు తీసేసరికే అమ్మణ్ణి షెడ్డులో ఉంది. అది మామూలే, ఆవిడ కోళ్లకంటే ముందు లేచే మనిషి. మామూలు కానిది షెడ్డు నిశ్శబ్దం. మేత డబ్బా గలగల వినపడితే చాలు, పెళ్లివారి పంక్తిలా తోసుకుంటూ వచ్చే కోళ్లు ఆ పూట నోరెత్తలేదు.

రత్నం గుమ్మంలోని మందునీళ్ల తొట్టెలో కాళ్లు ముంచి, చెప్పులు మార్చుకుని లోపలికి వెళ్లింది. మొదటి రోజే అమ్మణ్ణి నేర్పిన పద్ధతులు అవి. బయటి చెప్పు లోపలికి రాకూడదు. బయటి మనిషి తడవని కాళ్లతో రాకూడదు. బయటి కోడి గేటు దాటనే కూడదు. రత్నం మొదటి రెండూ తు.చ. తప్పకుండా పాటించింది.

షెడ్డుని మధ్యలో ఇనుప జాలీ రెండు చేస్తుంది. కుడివైపు గుడ్లు పెడుతున్న పెద్ద కోళ్లు. ఎడమవైపు ఇంకా గుడ్డుకి రాని పడుచు పెట్టలు. పెద్దవి ఇంకొన్నాళ్లు పెట్టి మానేస్తాయి. ఆ తరవాత ఇల్లు గడవాల్సింది ఈ పడుచు పెట్టల మీదే. పోలరాజు కొంటున్నది నిజానికి ఎడమవైపు షెడ్డుని. ఇల్లు దానికి తోడు.

ఆ ఎడమవైపు, పొట్టు పరిచిన నేల మీద అమ్మణ్ణి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో ఒక పెట్ట. దాని మెడ వెనక్కి మెలి తిరిగిపోయి, కన్ను ఆకాశం కేసి చూస్తోంది. చుట్టూ కొన్ని రెక్కలు జారవేసి కునుకుతున్నాయి. కొన్ని నోళ్లు తెరిచి ఎగపీలుస్తున్నాయి. గోడ వారన పడి ఉన్నవి ఇక లేవవని రత్నానికి చూడగానే తెలిసింది. పొట్టు మీద ఆకుపచ్చగా రెట్టలు.

నిన్న సాయంత్రం ఇవి మేత తిన్నాయా అని అమ్మణ్ణి అడిగింది. తిన్నాయనే చెప్పింది రత్నం. కొన్ని తినలేదని ఆమెకి తెలుసు. ఎండకి అనుకుంది. అమ్మణ్ణి ఒళ్లోని పెట్ట మెడని రెండు వేళ్లతో సరిచేస్తూ కూర్చుంది. సరిచేసినప్పుడల్లా అది మళ్లీ మెలి తిరిగిపోతోంది. ఆవిడ మళ్లీ సరిచేస్తోంది.

పిల్లల్లేని మనిషి అమ్మణ్ణి. ఆ మాట ఎవరైనా అంటే షెడ్డు కేసి చూపించి నవ్వేసేది. ఆ పూట ఆవిడ మొహం చూసి రత్నానికి, కొడుకు పోయిన రోజు ఆస్పత్రి వరండాలో తన మొహం గుర్తొచ్చింది.

గణపతిరావుగారు పశువుల డాక్టరు కోసం మనిషిని పంపించారు. పోలరాజుకీ కబురు వెళ్లింది. వాళ్లు వచ్చేదాకా చేయగలిగిందేమీ లేక అందరూ వరండాలోకి చేరారు.

ఆ ఇంటికి ఫ్రెంచి ఇల్లు అన్న పేరు ఊరికే రాలేదు. గణపతిరావుగారిది యానాం. ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఆయన తండ్రి ఒక దొర దగ్గర వంటవాడు. ఆ దొర బంగళా వెనక గదిలో పుట్టి పెరిగిన గణపతిరావుగారు, టాటానగర్ వచ్చి నాలుగు డబ్బులు కూడబెట్టాక, దొర కూర్చున్న వరండా లాంటి వరండా కట్టించుకున్నారు. నిలువెత్తు తలుపులు, చెక్క రెక్కల కిటికీలు, ఎత్తయిన పెంకుల కప్పు. గేటు మీద ఫ్రెంచిలో ఏదో రాయించారు కూడా. అదేమిటో ఆయనకీ సరిగ్గా తెలియదు. చుట్టుపక్కల సంతాలీలు దాన్ని ఫిరంగీ కోఠీ, అంటే తెల్లదొర బంగళా అంటారు. ఇప్పుడు అమ్మణ్ణికి మోకాళ్లు అరిగాయి, ఆయనకి యానాం మీద మనసు మళ్లింది, అమ్మేస్తున్నారు. పోలరాజుకి వరండా నచ్చింది. రత్నానికి మాత్రం వంటింటి వెనక తలుపు నచ్చింది. అక్కడ నిలబడితే షెడ్డంతా కనిపిస్తుంది. కనీసం చూసుకోవడానికి ప్రాణమున్నవి కొన్ని ఉంటాయి కదా అనుకుంది.

డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చాడు. కొత్తగా బదిలీ అయి వచ్చిన బీహారీ కుర్రాడు. చెప్పకుండానే తొట్టెలో కాళ్లు ముంచి వెళ్లాడు, దానికే అమ్మణ్ణి కళ్లల్లో కాస్త గౌరవం కనిపించింది. చచ్చిన పెట్టనొకదాన్ని కోసి చూశాడు. రాణీఖేత్ అన్నాడు. మనవైపు కొక్కెర తెగులంటారే, అది. పట్టిందంటే దానికి మందు లేదు. చచ్చినవాటినీ, చావబోతున్నవాటినీ లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. షెడ్డులోంచి ఒక ఈక కూడా గేటు దాటకూడదు.

పోలరాజు అప్పుడే, కబురు తెచ్చినవాడి సైకిలు వెనక నుంచి దిగాడు. చూపు సరిగ్గా ఆనక, గోడ వారన తెల్లగా పడున్నవాటిని చూసి ఏమిటని రత్నాన్ని అడిగాడు. కోళ్లని చెప్పింది. అతను దాణా గదిలోంచి పార తీసుకుని పెరటి చివరికి నడిచాడు. ఇంతకాలం ఆకాశంలో కూర్చుని కాగే ఇనుముని ఎత్తి దించినవాడు, సొంత ఇంటి నేలలో మొదటి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

ఈ తెగులు గాలిలోంచి ఊడిపడదు, ఎక్కడిదో కనుక్కోవాలి అంటూ డాక్టరు షెడ్డు చుట్టూ తిరగసాగాడు. గణపతిరావుగారు పక్కనే నడిచారు. దాణా గది వెనక్కి వెళ్లినవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఎర్రటి పుంజు. కాలికి పసుపు గుడ్డ కట్టి ఉంది. నిగనిగలాడుతూ నిలబడి, మనుషుల్ని చూసి మెడ సాచింది. షెడ్డులో ఇన్ని ప్రాణాలు పోతుంటే దానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఇదెక్కడిదని గణపతిరావుగారు అరిచిన అరుపుకి పోలరాజు పార వదిలి వచ్చాడు. పుంజుని చూశాడు. అంత మసక కళ్లకీ దాని ఆనవాలు వెంటనే తెలిసింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఏడాదిగా అతను దాన్ని నేరుగా చూసింది లేదు.

రత్నం ముందుకొచ్చింది. తప్పు చేసినట్టు రాలేదు. అసలు సంగతి తెలిస్తే వీళ్లే అర్థం చేసుకుంటారన్న ధీమాతో వచ్చింది, ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నాకు జాలేస్తుంది.

"అది బయట కోడి కాదు బాబూ, అమ్మోరి కోడి" అంది. "మొక్కిన పుంజుకి మైలేటి? మొన్న మా క్వార్టర్ల లైన్లో కోళ్లన్నీ తెగులొచ్చి పోనాయి. ఒక్క ఇంట ఒక్కటి మిగల్నేదు. ఇది కూడా మూడ్రోజులు కునికింది, మళ్లీ లేసి కూర్సుంది. అమ్మోరే కాపాడినాది. తన కోడిని తనకిచ్చీదాకా ఉంచుకుంటాదని, గృహప్రవేశం నాడు ఈడే మొక్కు తీర్సేద్దారని తెచ్చినాను."

డాక్టరుకి తెలుగు రాదు. ఆ లైన్లో కోళ్లు చచ్చిన సంగతి అమ్మణ్ణి హిందీలో చెప్పింది. అతను పుంజు ముందు గొంతుక్కూర్చుని కాసేపు దాన్నే చూశాడు. తరవాత కోపం లేకుండానే అన్నాడు. "జో బచ్ గయా, వహీ లేకర్ ఆయా."

బతికినదే తెచ్చింది. ఆ హిందీ రత్నానికి ఎవరూ విడమర్చనక్కర్లేదు. తెగులు తగిలి తట్టుకున్న కోడి ఒంట్లో ఆ తెగులు కొన్నాళ్లు ఉంటుందట. చూడ్డానికి బాగానే ఉంటుంది, పక్కవాటికి అంటిస్తుంది. దీన్ని కూడా పూడ్చేయాలట. అమ్మవారి చల్లని చూపు అనుకుని తను చీర కప్పి మోసుకొచ్చింది తెగులుని. బుట్ట నెత్తిన పెట్టుకుని అగ్రికో నుంచి ఇక్కడిదాకా ఎండలో నడిచి మరీ మోసుకొచ్చింది.

రత్నం నిలబడ్డచోటే కూలబడింది.

గణపతిరావుగారు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే అవతలివాడి తప్పు చేతికి దొరికితే ఆయన గొంతుకి దానంతటదే బలం వస్తుంది. పద్ధతిగానే మాట్లాడారు. కోళ్లు పోయాయి కాబట్టి ధర తగ్గించమంటే కుదరదన్నారు. తెగులు తెచ్చింది కొనేవాళ్లే కాబట్టి నష్టమూ వాళ్లదే అన్నారు. సోమవారం అనుకున్న ప్రకారం రిజిస్ట్రీ జరిగితే సరే, లేదంటే బయానా సంగతి మరిచిపొమ్మన్నారు. సీతారాండేరాలో ఇంకో బేరం కాచుకుని ఉందని కూడా చెప్పారు.

అందరూ పోలరాజు కేసి చూశారు. ఖాళీ షెడ్డు కొని ఏం తినాలి, కొనకపోతే నెలాఖరున సామాను ఎక్కడ దించాలి? అతను ఏదో ఒకటి అంటాడని రత్నం ఎదురుచూసింది. తిట్టినా బాగుండునని చూసింది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆ మౌనం రత్నానికి కొత్త కాదు. ఆదిబాబు కర్మ జరిగిన రోజున కూడా అతను ఇలాగే నిలబడ్డాడు.

పాఠకులకి ఆ ముక్క మరోసారి చెప్పాలి. ఆదిబాబుకి టైఫాయిడ్ వచ్చినప్పుడు రత్నం అమ్మవారికి పుంజుని మొక్కుకుంది. వాడు లేచి తిరిగాడు. కోడిపిల్లని తెచ్చి, కాలికి పసుపు గుడ్డ కట్టి పెంచారు. పెంచింది ఆదిబాబే. బడి నుంచి వస్తూ జేబులో అటుకులు దాచి తెచ్చి దానికి పెట్టేవాడు. తీరా పండగ నాటికి, దాన్ని కొయ్యొద్దని తల్లి కాళ్లకి చుట్టుకున్నాడు. పదమూడేళ్లవాడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. వచ్చే ఏడు ఇద్దాంలే, అమ్మ ఏమీ అనుకోదులే అని రత్నం మెత్తబడింది.

ఆ వచ్చే ఏడు రాకముందే వాడి అరికాలికి తుప్పు రేకు గీసుకుంది. పోలరాజే సైకిలెక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి సూది వేయించేశానన్నాడు. పిల్లాడి మూతి నిండా జిలేబీ పాకం. సూదికి ఏడవనందుకు కొనిపెట్టానన్నాడు. రత్నం ఆ మూతిని కొంగుతో తుడిచింది. వారం తిరిగేసరికి ఆ దవడ బిగిసిపోయింది. ధనుర్వాతం అన్నారు. మూడోరోజుకి వాడు లేడు.

సూది వేయించినా ధనుర్వాతం ఎలా వచ్చింది? రత్నం ఈ ప్రశ్నని రాత్రింబవళ్లు నమిలింది. జవాబు ఆమెకి ఒక్కటే దొరికింది. కర్మ రోజున ఆడపడుచు జోగమ్మ ఆ జవాబునే నలుగురిలో పైకి అంది. మొక్కు ఎగ్గొడితే అమ్మోరు ఊరుకుంటాదేటి, కోడినియ్యనేదని కొడుకుని పట్టుకుపోనాది అంది. రత్నం అప్పుడు కూడా మొగుడి కేసే చూసింది. పోలరాజు నేల చూపులు చూశాడు. నిజమే కాబట్టి మాట్లాడలేదనుకుంది రత్నం. అప్పటి నుంచీ ఆ పుంజుని కొయ్యలేక, అమ్మలేక, ఎవరికీ ఇవ్వలేక పెంచుతూ వచ్చింది. అది కొడుకు పెంచింది. అదే కొడుకుని తినేసింది. పొద్దున్నే గింజలు చల్లుతూ ఆమె తలుచుకునేది ఈ రెండు మాటలే.

ఇప్పుడు కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. దాణా గది వెనక్కి వెళ్లి పుంజు కాలి తాడు విప్పి, దాన్ని చంకలో పెట్టుకుంది. అలవాటైన చంక కావడంతో అది గొడవ చెయ్యకుండా ఒదిగింది. గొయ్యి దగ్గరికి నడిచింది.

"దీన్ని కూడా పూడ్సీమన్నాడు కదా డాక్టరు బాబు. నా సేత్తోనే సేత్తాను" అంది ఎవరితోనో తెలియకుండా. "అమ్మోరికియ్యకుండా దాసినాను. మట్టికిత్తాను."

అప్పటికే మళ్లీ గొయ్యిలోకి దిగిన పోలరాజు పార ఆపాడు. తల ఎత్తలేదు.

డాక్టరు మాత్రం మళ్లీ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు చూస్తున్నాడు. ఎడమవైపు సగానికి పైగా నేలపాలయ్యాయి. మధ్యన ఉన్నది గాలి ఆడే జాలీ. కుడివైపు పెద్ద కోళ్లు మాత్రం మెడలెత్తి తిరుగుతున్నాయి, ఒకటి అప్పుడే గుడ్డు పెట్టి అరుస్తోంది. అతను గణపతిరావుగారిని పిలిచి అడిగాడు. ఈ పక్కవాటికి టీకా పడింది కదా?

పెద్దవాటికి కిందటేడే వేయించామని గణపతిరావుగారు చెప్పారు. మరి ఈ పడుచు పెట్టలకి?

"వేయించేశామండీ. వాటికీ వేయించేశాం" అన్నారాయన హిందీలోనే. ఆ తరవాత పుంజు షెడ్డుకి ఆ వైపే కట్టి ఉంది కాబట్టి ఆ వైపే తగిలిందని తనే ఒక కారణం కూడా చెప్పారు. డాక్టరు నమ్మినట్టు లేదు. టీకా పడితే ఇలా పోవే అని గొణిగాడు.

ఇంట్లోంచి అమ్మణ్ణి వచ్చింది. మోకాళ్లు పట్టేసి ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. చేతిలో ఎర్ర థర్మాస్ ఫ్లాస్కు. దాన్ని చూడగానే గణపతిరావుగారు, డాక్టరుగారికి టీ అక్కర్లేదు, లోపలికి వెళ్లమన్నారు. ఆవిడ వెళ్లలేదు. షెడ్డు అరుగు మీద ఫ్లాస్కు పెట్టి మూత తిప్పి వంచింది. గోరువెచ్చని నీళ్లు కారాయి. నీళ్ల వెంట చిన్న చిన్న గాజు సీసాలు దొర్లుకుంటూ బయటికొచ్చాయి. ఒక్కదానికీ సీలు విప్పలేదు.

డాక్టరుకి టీ పోద్దామని ఇందాక ఫ్లాస్కు కోసం వెతికితే దాణా గదిలో మంచం కింద దొరికిందట. పడుచు పెట్టలకి టీకా వేయించాల్సిన వారం అమ్మణ్ణి చెల్లెలింటికి ఖరగ్‌పూర్ వెళ్లింది. గణపతిరావుగారు ఐసులో పెట్టించి మందు తెచ్చారు. టీకాలు వేసే మనిషి ఆ రోజు రాలేదు. మర్నాటికి ఐసు కరిగింది. మళ్లీ తెచ్చే ఓపిక లేకపోయింది. అమ్మేసేదే కదా, కొన్నవాళ్లే చూసుకుంటారులే అనుకున్నారు. ఊరి నుంచి వచ్చిన భార్య అడిగితే ఒక్క మాటతో తేల్చేశారు.

"వేయించేశానన్నారు నాతో. నేను నమ్మాను" అంది అమ్మణ్ణి. ఆవిడ మాట్లాడుతున్నది మొగుడితో కాదు, గొయ్యి దగ్గరున్న రత్నంతో. "ఇంట్లో మనిషి చెప్తే నమ్మమా రత్నం? ఆ పుంజుని తేకూడదు, తెచ్చావు. అది నీ తప్పే. కానీ ఆ సూదులు పడుంటే నా పిల్లలు ఇలా పోయేవి కావు. ఈ చావులు నీ మొక్కు వల్ల కాదు. నీ అమ్మవారి వల్లా కాదు."

గణపతిరావుగారు ఏదో అనబోయారు. గొంతుకి ఇందాకటి బలం రాలేదు. వరండాలోకి వెళ్లి, దొర కూర్చున్నట్టు కూర్చోవాలని చేయించుకున్న పడకకుర్చీలో కూర్చున్నారు.

రత్నం పుంజుని చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది. అమ్మణ్ణి అన్న మాటలు ఆమె లోపలికి ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. ఈ సంగతి ఆమెకి సంతోషం కలిగించాలి. ఇల్లు కొనే బేరంలో ఇప్పుడు వీళ్లది పైచెయ్యి. కాని ఆమె ఆలోచన ఇంటి మీద లేదు. సీసాల కేసి చూస్తోంది.

"అయితే అమ్మా, సూదేత్తే బతుకుతాయా?" అంది.

దాదాపు అన్నీ బతుకుతాయని అమ్మణ్ణి చెప్పింది.

"మనుసులకి కూడా అంతేనా?"

అమ్మణ్ణి తలూపింది. ఎందుకు అడుగుతోందో ఆవిడకి అర్థం కాలేదు.

"మరి మా బాబుకి ఏయించినాం కదమ్మా. ఆ పొద్దే ఏయించినాం. మరి ఆడెందుకు పోనాడు?"

జవాబు చెప్పగలవాళ్లెవరూ అరుగు దగ్గర లేరు. గొయ్యిలో పార నేల మీద పడిన చప్పుడైంది. రత్నం వెనక్కి తిరిగింది. పోలరాజు నడుం లోతు గోతిలో, రెండు చేతులూ అంచు మట్టి మీద ఆనించి నిలబడి ఉన్నాడు. మళ్లీ నేల చూపులే. అంతకుముందు రెండుసార్లు చూసిన మొహమే అది. ఈసారి మాత్రం రత్నం ఆ మొహాన్ని తను అనుకున్నట్టు కాక, ఉన్నట్టు చూసింది.

"మావా, నువ్వే కదా తీసుకెల్లినావు" అంది నెమ్మదిగా. "ఏయించినావు కదా?"

షెడ్డులో గుడ్డు పెట్టిన కోడి అరిచి అరిచి ఊరుకుంది.

"సూది కాడ లైను రోడ్డు దాకా ఉంది రత్నం" అన్నాడు. "నాకు మద్దేనం బీ షిఫ్టు టైమైపోతంది. ఆడు సూదంటే బయపడి సైకిలు దిగనేదు. నొప్పి నేదు నానా, ఎల్లిపోదాం అన్నాడు. రేపు తీసుకెల్దారనుకున్నాను. నువ్వు తిడతావని... జిలేబీ కొనిపెట్టి తెచ్చీసినాను."

"జోగమ్మ అంతమందిలో నన్ను అన్నప్పుడు?"

పోలరాజు గట్టు మట్టి మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టాడు. ఏడాది కిందట ఏడవాల్సిన ఏడుపు అది. కొడుకు శవం ముందు కూడా అతను అలా ఏడవలేదని ఊరంతా మెచ్చుకున్నారు. గట్టి మనిషి అన్నారు.

రత్నానికి ఏడుపు రాలేదు. వంగి, పుంజు కాలికున్న పసుపు గుడ్డ ముడి విప్పింది. ఏళ్ల నాటి ముడి, గట్టిపడిపోయింది, పళ్లతో లాగితే గానీ రాలేదు. ఆ గుడ్డని గొయ్యి అంచున, మొగుడి చేతుల దగ్గర పెట్టింది. పుంజుని మాత్రం పెట్టలేదు. రెండు చేతులతో గుండెకి అదుముకుని గేటు వైపు నడిచింది. అమ్మణ్ణి పిలిచింది. సోమవారం సంగతి ఏమిటని వరండాలోంచి గణపతిరావుగారూ అడిగారు.

"నానెయ్యను ఏలిముద్ర" అంది రత్నం వెనక్కి తిరక్కుండా. "ఆడితో ఒకే కప్పు కింద ఉండడానికి నానెయ్యను."

డాక్టరు పరుగున వచ్చి గేటుకి అడ్డం నిలబడ్డాడు. పాపం ఆ కుర్రాడికి ఇక్కడ జరిగిన దాంట్లో సగం కూడా తెలియదు. తెలిసిందల్లా తన పని. అమ్మా, మీరు వెళ్లండి, ముర్గాని మాత్రం బయటికి తీసుకెళ్లనివ్వను, ఊళ్లో కోళ్లన్నీ పోతాయని చేతులు జోడించి హిందీలో బతిమాలాడు.

గేటు గడియ మీద చెయ్యి వేసి రత్నం ఆగిపోయింది. కొడుకు పెంచిన పుంజుని వదిలితే తప్ప ఈ గేటు దాటనివ్వరు. వదలడానికి ఆమెకి చేతులు రావడం లేదు. వెనక, గోతిలోంచి పోలరాజు ఆమె పేరు పెట్టి పిలుస్తున్నాడు.